ఓటరు జాబితాలో పేరు లేనివారు, పేరుండీ ఓటు వేయలేనివారు: పాలమూరు, నల్లగొండ ప్రాంతాల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

దసరాకో కురుమూర్తి జాతరకో ఊరికి తిరిగివచ్చే వలస కూలీలు, నల్లమల పెంటల (అడవిలోని చెంచుల చిన్న ఆవాసాల) నుంచి పని మీద మన్ననూరుకు, అచ్చంపేటకు వచ్చే చెంచులు, దేవరకొండ వైపు తండాలవారు, ఊరి చివర గుడారాలు వేసుకునే సంచార కుటుంబాలవారు ఓటు గురించి అడిగే సందేహాలు ప్రతి ఏడాదీ దాదాపు అవే. అందుకే వాటిని అడిగినవారి మాటల్లోనే ఇక్కడ ఒకచోట చేర్చాం. మన చట్టంలో కులం, చదువు, ఆస్తి చూసి ఓటు నిరాకరించే నిబంధన ఏదీ లేదు. అయినా తాళం వేసిన ఇల్లు, నంబరు లేని గుడిసె, ఖాళీగా మిగిలిన తండ్రి పేరు గడి, అడవిలో నడవవలసిన దూరం, ఊరి పెద్దల బెదిరింపు కలిసి ఆ పని చేసిపెడుతున్నాయి. కాబట్టి ప్రతి జవాబులోనూ చట్టం ఏమంటుందో చెప్పి, ఆచరణ ఎక్కడ దారి తప్పుతుందో కూడా చెప్పాం.

## హక్కు ఎవరికి ఉంది

చదువు లేదు, భూమి లేదు, ఉన్న ఇల్లు కూడా సొంతం కాదు. నాకు ఓటు హక్కు ఉంటుందా?

ఉంటుంది. రాజ్యాంగంలోని 326వ అధికరణం ప్రకారం 18 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడూ, పౌరురాలూ ఓటరుగా నమోదు కావచ్చు. భారత పౌరులు కానివారు, మతిస్థిమితం లేదని న్యాయస్థానం ప్రకటించినవారు, ఎన్నికల నేరాల వల్ల అనర్హులైనవారు మాత్రమే దీనికి మినహాయింపు. అద్దె ఇంట్లో, యజమాని తోటలోని మోటరు గదిలో, ప్రభుత్వ స్థలంలో వేసుకున్న గుడిసెలో ఉన్నా హక్కులో తేడా రాదు. నిజాం కాలంలో వెట్టి చేసినవారే 1952లో మొదటిసారి బ్యాలెట్ పెట్టె దగ్గరికి వెళ్లారు. ఆ ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి రావి నారాయణరెడ్డి జవాహర్‌లాల్ నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పొంది గెలిచారు. అప్పుడు ఓటు వేసినవారిలో ఎవరినీ భూమి పట్టా అడగలేదు. ఈ రోజు మిమ్మల్ని అడిగే అధికారమూ ఎవరికీ లేదు.

మా అన్న రిమాండులో ఉన్నాడు. నేరం ఇంకా రుజువు కాలేదు. ఓటు వేయవచ్చా?

వేయలేడు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 62వ సెక్షను 5వ ఉపసెక్షను ప్రకారం శిక్ష పడినవారే కాక విచారణ ఖైదీలు కూడా ఓటు వేయడానికి వీల్లేదు. ముందస్తు నిర్బంధ చట్టం కింద ఉన్నవారికి మాత్రం పోస్టు ద్వారా ఓటు వేసే అవకాశం ఉంది. జైలులో ఉన్నంత మాత్రాన జాబితా నుంచి పేరు తీసివేయకూడదు, బెయిలు మీద బయటికి వస్తే మామూలుగా ఓటు వేయవచ్చు. 2013 సవరణ తర్వాత జైలులో ఉన్న వ్యక్తి ఎన్నికల్లో పోటీ చేయగలడు కాని, ఓటు వేయలేడు. జామీను ఇచ్చే మనిషి దొరక్క లోపల ఉండిపోయే పేదవాడికే ఈ నిబంధన ఎక్కువగా తగులుతుందని మా అభిప్రాయం.

ట్రాన్స్‌జెండరుగా నమోదు కావాలంటే ఆపరేషను కాగితాలు అడుగుతారా?

అడగకూడదు. ఎవరి లింగ గుర్తింపును వారే నిర్ణయించుకోవచ్చనీ, శస్త్రచికిత్స కావాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమనీ సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. నమోదు దరఖాస్తులో మూడో లింగానికి ప్రత్యేక గడి ఉంది. కుటుంబంతో సంబంధాలు తెగిపోయినవారు బంధువు పేరు దగ్గర తమ గురువు పేరు రాసుకోవచ్చు.

## పేరు నమోదు చేసుకునేటప్పుడు

ఏడాదిలో ఎనిమిది నెలలు ముంబయిలో, పుణెలో పని చేస్తాం. ఓటు ఇక్కడ ఉంచుకోవాలా, అక్కడికి మార్చుకోవాలా?

మాకు అన్నింటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 20వ సెక్షను ఇందుకు స్పష్టమైన ఆధారం ఇస్తుంది. సాధారణంగా నివసించే చోటు నుంచి తాత్కాలికంగా వేరే చోటికి వెళ్లినంత మాత్రాన ఆ మనిషి అక్కడి నివాసి కాకుండా పోడని ఆ సెక్షను చెబుతుంది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని గుంపుతో వెళ్లి, వానలు పడగానే తిరిగివచ్చి దుక్కి దున్నుకునేవారికి, ముసలి తల్లిదండ్రులనో బడికి పోయే పిల్లలనో ఊళ్లోనే ఉంచి వెళ్లేవారికి ఓటు సొంత ఊరిలోనే ఉండాలి. పని జరిగే చోటు కొన్ని నెలలకోసారి మారే రోడ్డు పనివారు, కాలువ పనివారు పేరును అక్కడికి మార్చుకుంటే చివరికి రెండు చోట్లా లేకుండా పోయే ప్రమాదం ఉంది.

కుటుంబం మొత్తం ఏళ్ల తరబడి భీవండిలోనో పుణెలోనో స్థిరపడి, ఊరికి పండుగకు మాత్రమే వస్తున్నట్టయితే ఫారం 8 ద్వారా ఓటును అక్కడికి మార్చుకోవడమే న్యాయం, సౌకర్యం కూడా. రెండు చోట్లా ఓటు ఉంచుకోవడం మాత్రం చట్టవిరుద్ధం. దరఖాస్తులో తెలిసి తెలిసి అబద్ధం రాస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు.

ఉన్న చోటి నుంచే ఊరి ఓటు వేసే ఏర్పాటు వలస కూలీలకు ఇప్పటికీ లేదు. 72 నియోజకవర్గాల ఓట్లను ఒకే చోట వేయించగల యంత్రాన్ని తయారు చేసినట్టు 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం ప్రకటించింది. చాలా పార్టీలు సందేహాలు లేవనెత్తడంతో అది అమలులోకి రాలేదు. అందువల్ల పోలింగు నాటికి ఊరికి చేరుకోవడం ఒక్కటే మార్గం. అన్ని రోజుల కూలీ పోగొట్టుకుని, దారిఖర్చు భరించి వచ్చేవారు ఎందరుంటారు? ఈ ఖాళీని అభ్యర్థులు పంపే బస్సులు పూరిస్తున్నాయి. ఓటర్లను ఉచితంగా వాహనాల్లో తరలించడం చట్టం ప్రకారం అవినీతికర చర్య. అయినా ఓట్లనాడు వచ్చే ఆ బస్సు మిగిలిన ఐదేళ్లలో ఎప్పుడూ ఎందుకు రాదని కూలీలే మమ్మల్ని అడుగుతుంటారు.

మా పెంటలో ఇళ్లకు నంబర్లు లేవు, పుట్టిన తేదీ కాగితం లేదు. ఫారం ఎలా నింపాలి?

ఇంటి నంబరు లేని చోట జాబితా కోసం అధికారులే ఒక వరుస నంబరు కేటాయించాలి. నంబరు లేదన్న కారణంతో దరఖాస్తును వెనక్కి ఇవ్వకూడదు. కొత్తగా పేరు నమోదు చేసుకోవడానికి ఇచ్చే ఫారం 6లో వయసుకూ చిరునామాకూ చూపదగిన పత్రాల పట్టిక ఉంటుంది. వాటిలో ఏదీ లేనివారు తమ దగ్గర ఉన్న మరో పత్రం పేరు రాయడానికి కూడా అందులో చోటు ఉంది. అలాంటి సందర్భంలో అధికారి స్వయంగా వచ్చి విచారించి నిర్ణయించాలి. చెంచులు తమ దగ్గరున్న కాగితం ఏదైనా జత చేసి ఆ విచారణ కోరవచ్చు. పెంట అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉన్నందువల్ల అక్కడివారి ఓటుకు ఏ అడ్డంకీ లేదు. ఆధార్ నంబరు ఇవ్వడం తప్పనిసరి కాదు.

బస్టాండు పక్కన గుడారాల్లో ఉంటాం. చిరునామా అడిగితే ఏం రాయాలి?

రాత్రిపూట మీరు పడుకునే చోటునే రాయండి. ఇల్లు లేనివారి విషయంలో బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్ఓ, ఒకటి కన్నా ఎక్కువ రాత్రులు ఆ చోటికి వచ్చి మీరు అక్కడ నిజంగా నిద్రపోతున్నారో లేదో చూసుకోవాలని ఎన్నికల సంఘం చెబుతోంది. ఆ విచారణలో తేలితే నివాస పత్రం అవసరం లేదు.

జోగిని బిడ్డను. తండ్రి పేరు గడిలో ఏం రాయాలి?

తల్లి పేరు రాస్తే సరిపోతుంది. ఫారం 6లో తండ్రి, తల్లి, భర్త, భార్య వంటి బంధువుల్లో ఎవరో ఒకరి పేరు మాత్రమే అడుగుతారు, తండ్రి పేరే కావాలని ఎవరూ పట్టుబట్టకూడదు. దేవుడి పేరున ఆడపిల్లలను అర్పించడాన్ని 1988లోనే చట్టం నిషేధించింది కాని, నారాయణపేట, మక్తల్ ప్రాంతాల్లో ఆ దురాచారానికి బలైన తల్లుల పిల్లలకు బడిలో చేరిన నాటి నుంచి ఈ గడి ఒక అవమానంగానే ఉంటోంది. సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్యననో, ఫలానావారి కూతురిననో మాత్రమే చెప్పినందుకు మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితా నుంచి ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో సుమారు 28 లక్షల మంది మహిళల పేర్లు తీసివేశారు. ఒక మగవాడి పేరుతో ఆడమనిషిని గుర్తించే అలవాటు ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రాజెక్టులో ఊరు మునిగిపోయింది. ఇప్పుడు ఓటు ఎక్కడ?

మీరు ప్రస్తుతం నివసిస్తున్న చోట. ఫారం 8 ఇచ్చి కొత్త చిరునామాకు మార్చుకోవాలి. శ్రీశైలం జలాశయం కింద ఇళ్లు పోగొట్టుకున్న కృష్ణా తీరపు కుటుంబాల నుంచి నేటి ఉదండాపూర్, కిష్టరాంపల్లి జలాశయాల నిర్వాసితుల దాకా, ఓటు మార్చుకుంటే పరిహారం పోతుందేమోనన్న భయం చాలామందిలో ఉంది. ఓటు ఉన్న చోటును బట్టి పరిహారానికి అర్హత నిర్ణయం కాదు. అయితే పాత ఊరిలో మీరు ఉన్నట్టు చూపడానికి పాత ఓటరు జాబితా పనికివస్తుంది కాబట్టి, మీ పేరున్న పేజీ నకలును ఊరు ఖాళీ చేయడానికి ముందే తీసి దాచుకోండి.

## పేరు పోయినప్పుడు

పోయినసారి ఓటు వేసినం. ఈసారి పేరే లేదు. ఎవరు తీసిండ్రు, ఎందుకు తీసిండ్రు?

మరణించారనో, మకాం మార్చారనో, రెండు చోట్ల పేరుందనో కారణం చూపి పేర్లు తీసివేస్తారు. అదే నియోజకవర్గపు ఓటరు ఎవరైనా ఫారం 7 ద్వారా మీ పేరుపై అభ్యంతరం చెప్పవచ్చు, లేదా నమోదు అధికారి తనంతట తానే చర్య మొదలుపెట్టవచ్చు. పాలమూరు పల్లెల్లో ఎక్కువగా జరిగేది రెండోది. ఎండాకాలంలో బీఎల్ఓ వస్తాడు, ఇంటికి తాళం ఉంటుంది, పక్కింటివారు బొంబాయి పోయారని చెబుతారు, కాగితం మీద అది మకాం మార్పుగా మారిపోతుంది.

ఊరు విడిచి వెళ్లారన్న కారణంతో పేరు తీసేముందు ఆ వ్యక్తికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1950 చట్టంలోని 22వ సెక్షను నిర్దేశిస్తుంది. ఒకసారి జాబితాలోకి ఎక్కిన పేరు తగిన విచారణ తర్వాతే ఎక్కిందని భావించాలనీ, తగిన అవకాశం ఇవ్వకుండా దాన్ని తొలగించరాదనీ లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. అయినా 2018 డిసెంబరు శాసనసభ ఎన్నికల నాడు తెలంగాణ అంతటా ఎందరో పోలింగు కేంద్రాల నుంచి వెనుదిరిగారు. పేర్లు గల్లంతైనందుకు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారే బహిరంగంగా క్షమాపణ చెప్పారు. బీహారులో 2025 ఆగస్టు 1న వెలువడిన ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేకపోతే, ఆ పేర్లను కారణాలతో సహా ప్రజల ముందు ఉంచాలని అదే నెల 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి కారణం అడగడం మీరు కోరే దయ కాదు.

వెంటనే చేయవలసిన పని రెండు దారుల్లో ఉంటుంది. తొలగింపు ఉత్తర్వు, నోటీసు పంపినట్టు ఆధారం, విచారణ నివేదిక కావాలని సమాచార హక్కు చట్టం కింద నమోదు అధికారిని రాతపూర్వకంగా అడగండి. అదే రోజున ఫారం 6 కూడా ఇవ్వండి, ఎందుకంటే న్యాయం తేలేలోపు ఎన్నికలు దాటిపోవచ్చు. నమోదు అధికారి ఉత్తర్వుపై 15 రోజుల్లో జిల్లా కలెక్టరుకు, కలెక్టరు ఉత్తర్వుపై 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

ఎన్నికలు ప్రకటించేశారు. ఇప్పుడైనా పేరు ఎక్కించుకోవచ్చా?

నామినేషన్ల చివరి తేదీ దాటిన తర్వాత ఆ ఎన్నికల కోసం కొత్త పేర్లు చేర్చరు. దరఖాస్తు మీద అభ్యంతరాలకు గడువు ఇవ్వవలసి ఉంటుంది కాబట్టి, ఆ తేదీకి కనీసం పది రోజుల ముందే ఫారం ఇవ్వడం మంచిది. చేతిలో ఓటరు కార్డు ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు వేయనివ్వరు. సందేహం ఉంటే 1950 నంబరుకు ఫోను చేసి ముందే చూసుకోండి.

ఓటు పోతే రేషను, పింఛను కూడా ఆగిపోతాయా?

ఆగవు. వాటి అర్హతలు వేరు, జాబితాలు వేరు. ఓటు వేయకపోతే పింఛను తీసేస్తామని ఎవరైనా అంటే అది బెదిరింపు.

జిల్లా మారింది కాని నియోజకవర్గం పాతదే. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఓటు విషయంలో జిల్లాను కాకుండా శాసనసభ నియోజకవర్గాన్ని చూడాలి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినా శాసనసభ నియోజకవర్గాల హద్దులు మారలేదు. అందువల్ల ఆమనగల్లు, తలకొండపల్లి వంటి మండలాలు రంగారెడ్డి జిల్లాలో ఉన్నా, అక్కడివారి ఓటు కల్వకుర్తి నియోజకవర్గంలోనే ఉంది. ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి తిప్పకుండా ఉండాలంటే మీ బీఎల్ఓకే ఫారం ఇచ్చి రసీదు తీసుకోండి.

## పోలింగు రోజున

ఓటరు కార్డు పోయింది. ఉపాధి హామీ కార్డు చూపించి ఓటు వేయవచ్చా?

జాబితాలో పేరుంటే వేయవచ్చు. ఫొటో ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డు, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, ఆధార్, పింఛను పత్రం వంటివి కూడా చెల్లుతాయి.

"నీ ఓటు ఎవరో వేసిపోయిండ్రు" అంటే ఏం చేయాలి?

వెనక్కి రాకండి. ప్రిసైడింగు అధికారి అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పి, మీరే అసలు ఓటరని తేల్చి, టెండరు ఓటు ఇవ్వమని అడగండి. ఆ ఓటును యంత్రంలో కాకుండా కాగితపు బ్యాలెట్ మీద వేయించి, విడిగా భద్రపరుస్తారు. ఇక ఊళ్లో లేనివారు, మారిపోయినవారు, చనిపోయినవారు అన్న జాబితా ఒకటి పోలింగు కేంద్రంలో ఉంటుంది, వలస వెళ్లివచ్చినవారి పేర్లు తరచుగా అందులో కనిపిస్తాయి. గుర్తింపు రుజువు చేసుకుంటే ఆ జాబితాలో ఉన్నవారు కూడా ఓటు వేయవచ్చు.

ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంకరపోయాయి, కేంద్రం దాకా నడవలేను. ఇంటి నుంచి వేయవచ్చా?

లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నవారికీ, 85 ఏళ్లు దాటినవారికీ ఇంటి నుంచే ఓటు వేసే వీలుంది. ఎన్నికల నోటిఫికేషను వెలువడిన ఐదు రోజుల్లోగా ఫారం 12డి ఇవ్వాలి. మర్రిగూడ, మునుగోడు వైపు గ్రామాల్లో ఎముకలు వంగిపోయినా వైకల్య ధ్రువపత్రం లేనివారు ఉన్నారు. ఎన్నికలు వచ్చాక దాని కోసం తిరిగితే సమయం చాలదు కాబట్టి ముందుగానే తెచ్చుకోవడం అవసరం.

కూలికి పోకపోతే ఆ రోజు గడవదు. సెలవు ఇస్తారా?

లోక్‌సభ, శాసనసభ ఎన్నికల పోలింగు రోజున ఓటరైన ప్రతి ఉద్యోగికీ, రోజుకూలీకీ కూలీ కోత లేని సెలవు ఇవ్వాలని 1951 చట్టంలోని 135బి సెక్షను చెబుతుంది. ఇవ్వని యజమానికి పడే జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. అంత తక్కువ జరిమానాకు భయపడేవారు ఎవరో మాకు తెలియదు.

## ఓటు ఉన్నా మాట చెల్లని చోట

మేం ఎవరికి వేశామో తెలిసిపోతుందని, వేయకపోతే కూలికి పిలవమని మా వాడవారిని బెదిరిస్తున్నారు. ఏం చేయాలి?

షెడ్యూల్డు కులాలు, తెగలవారిని ఓటు వేయవద్దనో, ఫలానావారికే వేయమనో బలవంతం చేయడం, నామినేషను వేయకుండా అడ్డుకోవడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని సెక్షను 3(1)(ఎల్) కింద నేరం. కూలికి పిలవకపోవడం, కిరాణా సరుకులు ఇవ్వకపోవడం వంటి సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా 2016 జనవరి 26 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం నేరమే. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు ఉంటుంది. పోలింగుకు ముందే ఫిర్యాదు చేస్తే మీ వాడను బెదిరింపులకు గురయ్యే ప్రాంతంగా గుర్తించి అదనపు బందోబస్తు ఇవ్వవలసి ఉంటుంది. ఎన్నికల ఫిర్యాదుల కోసం ఉన్న సీవిజిల్ యాప్‌లో ఫొటో, వీడియో కూడా పంపవచ్చు.

ఇక తెలిసిపోతుందన్న భయం గురించి నిజం చెప్పాలి. ఒక మనిషి ఓటు ఎవరికి పడిందో ఎవరికీ తెలియదు. కాని ఫలితాలను పోలింగు కేంద్రాల వారీగా ప్రకటిస్తారు కాబట్టి, ఒక కేంద్రంలో ఒకే వాడవారు ఎక్కువగా ఉంటే ఆ వాడ ఎటు మొగ్గిందో ఇట్టే తెలుస్తుంది. కొన్ని వందల ఓట్లు మాత్రమే ఉండే పంచాయతీ వార్డుల్లో ఇది మరీ సులువు. అనేక కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, 2015లో లా కమిషను సమర్థించింది, కేంద్ర ప్రభుత్వం మాత్రం ఒప్పుకోలేదు. వాడ రహస్యాన్ని కాపాడే ఏర్పాటు లేకుండా మనిషి రహస్యం కాపాడామని చెప్పుకోవడం సగం నిజమే.

ఊరి పెద్దలు సర్పంచు పదవిని వేలం వేసి ఏకగ్రీవం అంటున్నారు. అది చెల్లుతుందా?

ఒక్క నామినేషనే మిగిలితే ఏకగ్రీవం చట్టబద్ధమే. పదవిని డబ్బుకు పాడుకోవడం, మిగిలినవారిని పోటీ నుంచి తప్పించడానికి డబ్బు ఇవ్వడం లంచం కిందికి వచ్చే ఎన్నికల నేరం. నామినేషన్ల దశలోనే రాష్ట్ర ఎన్నికల సంఘానికి, జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. గుడి కోసం, బోరు కోసం అని ఎంత మంచి పేరు పెట్టినా, ఆ వేలంలో పాడుకోగలిగినవాడే నిలుస్తాడు, ఓటు చేతిలో ఉన్నవారందరూ ప్రేక్షకులవుతారు.

రిజర్వేషనులో గెలిచిన సర్పంచును నేను. సంతకం నాది, పెత్తనం వేరేవారిది. చట్టంలో దారి ఉందా?

ఉంది. ఎస్సీ, ఎస్టీ ప్రజాప్రతినిధి విధులను అడ్డుకోవడం అత్యాచారాల నిరోధక చట్టంలోని సెక్షను 3(1)(ఎం) కింద నేరం. మహిళా సర్పంచు భర్తకు సమావేశంలో ఆమె కుర్చీలో కూర్చునే, ఆమె తరఫున సంతకం చేసే అధికారం ఏదీ లేదు. కొంత చిక్కు చట్టంలోనే ఉంది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కుల అధికారాన్ని సర్పంచుకూ ఉపసర్పంచుకూ ఉమ్మడిగా ఇచ్చింది. సర్పంచు పదవికి ఉన్నట్టు ఉపసర్పంచు పదవికి రిజర్వేషను లేదు. దాంతో రిజర్వు సర్పంచు ఉన్న చోట ఊరి పెత్తందారులు ఉపసర్పంచు పదవి పట్టి, రెండో సంతకం ఆపి, పాలనను తమ చేతుల్లో ఉంచుకోగలుగుతారు. అలా ఆగిపోయిన ప్రతి చెక్కు తేదీని, కారణాన్ని తీర్మానాల పుస్తకంలో రాయించి, జిల్లా పంచాయతీ అధికారికి నివేదించండి.

చెంచులు అచ్చంపేట నుంచి ఎమ్మెల్యేగా పోటీ చేయవచ్చా?

చేయలేరు, ఎందుకంటే ఆ స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది, చెంచులు షెడ్యూల్డు తెగ. రాష్ట్రంలోని ఏ జనరల్ స్థానంలోనైనా, దేవరకొండ వంటి ఎస్టీ స్థానంలోనైనా పోటీ చేయవచ్చు. సొంత పెంటలున్న నియోజకవర్గంలో మాత్రం వారు ఓటర్లుగానే ఉండిపోతారు.

డబ్బు లేనివారు పోటీ చేయడం సాధ్యమేనా? డిపాజిట్టు ఎంత?

లోక్‌సభకు 25,000 రూపాయలు, శాసనసభకు 10,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు ఇందులో సగం కట్టాలి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కూడా రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఈ మొత్తం ఇంత పెరగడం వెనుక మన ప్రాంతపు చరిత్ర కూడా ఉంది. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడు నీళ్లతో కుంగిపోయిన గ్రామాలవారు తమ గోడు దేశానికి వినిపించడానికి ఎంచుకున్న దారి అది. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా అచ్చువేయవలసి వచ్చింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, లోక్‌సభ డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు, గుర్తింపు పొందిన పార్టీ మద్దతు లేని అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్న నిబంధన కూడా చేర్చారు.